పదిహేను వేల చుట్ల మిల్లు

ఆ ఆదివారం పొద్దున అయూబ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా నాలుగు హార్డ్ డిస్కులు కంప్యూటరుకు తగిలించాలి. పదకొండున్నరకల్లా వాటిలో ఉన్న సన్నాయి పాటలన్నీ ఒక మామూలు డిస్కులోకి ఎక్కించాలి. పన్నెండింటికి సింగరాయకొండ నుంచి వచ్చే మామగారికి భోజనం పెట్టి, ఆయన పాట ఆయనకే వినిపించాలి. మధ్యలో స్నానానికి కూడా అరగంట వదిలాడు. అది రెండు వేల ఆరు, ఏప్రిల్ నెల. కంప్యూటరు తెర ఇంకా టీవీ అంత లావుగా ఉండే కాలం. పెదకాకానిలో కంప్యూటరున్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇంట్లో సర్వరు పెట్టుకుందామన్న బుద్ధి పుట్టిన ఇల్లు మాత్రం ఒక్కటే.

అయూబ్ గుంటూరు మిర్చి యార్డులో ఒక ఎగుమతి కంపెనీకి కంప్యూటరు ఆపరేటరు. ఆ కంపెనీ ఆరేళ్ల కిందట చిన్న బీరువా అంత సర్వరు ఒకటి కొన్నది. మొన్న మార్చిలో దాని పవర్ సప్లై కాలిపోయి కొత్త సర్వరు వచ్చింది. "ఆ పాతది నువ్వే పట్టుకుపోవయ్యా, రెండు బస్తాల చోటు ఖాళీ అవుద్ది" అన్నాడు యజమాని. ఆ మాట కోసమే అయూబ్ నెల రోజులుగా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరుగుతున్నాడు. ఎందుకంటే ఆ పాత సర్వరులో కంపెనీ ఎరగని సరుకు ఒకటి ఉంది.

మామగారు మాలిక్ సాహెబు ముప్పై ఏళ్లు సింగరాయకొండ గుడిలోనూ, చుట్టుపక్కల ఊళ్ల పెళ్లిళ్లలోనూ సన్నాయి వాయించినవాడు. పక్కన తోడు సన్నాయి అన్నగారు జాన్ బాషాది. పెళ్లిళ్లు లేని రోజుల్లో అన్నదమ్ములిద్దరూ పరుపులకు దూది ఏకేవారు. జాన్ బాషా పోయి ఇరవై అయిదేళ్లయింది. పళ్లూడిపోయాక మాలిక్ సాహెబు కూడా సన్నాయిని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు. మిగిలినవల్లా మైకు సెట్టు అతనెవరో అభిమానంతో పట్టిపెట్టిన ముప్పై ఎనిమిది కేసెట్లు. అన్న పోయాక వాటిని వినే ధైర్యం ఆయనకు లేకపోయింది. కూతురు ఖుర్షిదా కాపురానికి వస్తుంటే ఇనప ట్రంకు పెట్టెతో సహా ఆమెకు ఇచ్చేశాడు.

ఆ కేసెట్లకు బూజు పడుతుంటే చూడలేక అయూబ్ ఒక పని చేశాడు. రోజుకొక కేసెట్టు సంచిలో వేసుకుని ఆఫీసుకు పట్టుకుపోయి, టేపు రికార్డరును సర్వరుకు తగిలించి ఎక్కించాడు. ప్లే నొక్కి తన బిల్లులు తను కొట్టుకునేవాడు. ఒక్కటీ చెవిపెట్టి విన్నది లేదు. 'మామ 1', 'మామ 2' అని వరసగా ముప్పై ఎనిమిదికీ పేర్లు పెట్టాడు. ఎక్కించడం అయిన కేసెట్లలో సగాన్ని తిరిగి చుట్టేటప్పుడు టేపు రికార్డరే నమిలేసింది. మిగతా సగం ఇంకెందుకని తనే పారేశాడు. ఈ ఒక్క ముక్క మాత్రం ఖుర్షిదాకు చెప్పలేదు. ఖాళీ ట్రంకు పెట్టెకు తాళం వేసి మంచం కిందికి తోసి, "బ్యాంకు లాకర్లో ఉన్నట్టే అనుకో" అన్నాడు. ఇప్పుడు ఆ నాలుగు డిస్కులు పలకకపోతే మాలిక్ సాహెబు పాట ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు. అది అయూబ్‌కు, కంప్యూటర్లు బాగుచేసే బెన్నీకి మాత్రమే తెలుసు.

బెన్నీ ఎనిమిదిన్నరకే వచ్చాడు. గుంటూరు అరండల్‌పేటలో వాడిది చిన్న రిపేరు కొట్టు, కాపురం మాత్రం పెదకాకానిలోనే. భుజాన కంప్యూటరు సామాను, స్కూటరు వెనకాల చర్చి వాళ్ల ఆంప్లిఫయరు, ఒక స్పీకరు డబ్బా. వాటిని రిపేరు చేసి ఆ రోజు ఆరాధనకు అందించాలి.

"పదిన్నరకి చర్చిలో ఉండాలన్నా. ఈలోపు మనది అయిపోద్ది" అన్నాడు.

"డిస్కులు పాత పెట్టెలో నుంచి తీసి, నా కంప్యూటర్లో నువ్వు పెట్టిన కార్డుకి తగిలిస్తే చాలంటావా?"

"చాలు. ఆఫీసు పెట్టెలో అయితే ఇవి సొరుగుల్లో కూర్చుంటాయి, సొరుగు వెనకాల ఒక బోర్డు, ఆ బోర్డు నుంచి కార్డుకి వైరు. ఇప్పుడు మనకా బోర్డు లేదు. చెన్నై నుంచి ఈ చిన్న చిన్న అడాప్టర్లు తెప్పించా. డిస్కు నుంచి డైరెక్టుగా కార్డుకే. మధ్యలో దళారీ ఉండడన్నా!"

ఇరవై ఏళ్లుగా యార్డులో దళారులతో వేగుతున్న అయూబ్‌కు ఆ మాట ప్రాణానికి హాయిగా తోచింది. డిస్కుల వరస తప్పకుండా, బస్తాల మీద లాటు నంబర్లు వేసే రంగుతో సున్నా, ఒకటి, రెండు, మూడు అని ముందే రాసి పెట్టుకున్నాడు. పాటలన్నీ ముక్కలై నాలుగు డిస్కుల్లోనూ పరుచుకుని ఉన్నాయి కాబట్టి, ఒక్క డిస్కు మొండికేసినా మిగతా మూడూ ఉండీ లేనట్టే.

పరవడానికి బల్ల చాలలేదు. బెన్నీ మంచం కిందికి చూసి, ట్రంకు పెట్టెను బయటికి లాగి, దాని మీద డిస్కులు నాలుగూ వరసగా పెట్టాడు. "ఇవి సర్వరు డిస్కులన్నా, మామూలువి కావు. గాలి లేకపోతే పెనంలా కాలతాయి" అని పాత సర్వరులోని మూడు ఫ్యాన్లు ఊడదీసి, డిస్కుల ముందు తాడుతో కట్టి స్విచ్చి వేశాడు.

ముందు ఒక మూలుగు, తర్వాత ఒక కూత, ఆ తర్వాత ఇల్లంతా దద్దరిల్లే గుయ్యిమన్న హోరు. నాలుగు డిస్కుల రొదను ఖాళీ ట్రంకు పెట్టె అందుకుని పదింతలు చేసి వీధిలోకి పంపింది. మూడు ఫ్యాన్లూ ఒక్కసారిగా ఎర్రటి పొగ కక్కాయి. ఆరేళ్లపాటు మిర్చి యార్డు గాలి పీల్చిన ఫ్యాన్లు అవి. పీల్చిందంతా లోపలే దాచుకున్నాయి.

బెన్నీ వరసగా పదకొండుసార్లు తుమ్మాడు. "అన్నా, ఏంటిది? కళ్లు మండిపోతున్నాయి!"

"దుమ్మురా. ఆరేళ్ల దుమ్ము" అన్నాడు అయూబ్ నింపాదిగా. యార్డులో ఇరవై ఏళ్లు గడిపిన ముక్కుకు అంతకన్నా ఏమీ తెలియలేదు.

"దుమ్ము కాదు, కారం!"

వంటింట్లో నుంచి ఖుర్షిదా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చింది. "ఏమండీ, నేనింకా పోపైనా పెట్టలేదు. ఈ ఘాటేంటండీ?"

అంతలో తెర మీద అక్షరాలు వచ్చాయి. నాలుగు డిస్కులు తగిలిస్తే కార్డు ఒక్కదాన్నీ గుర్తుపట్టలేదు. బెన్నీ నెత్తి కొట్టుకున్నాడు. సొరుగులో ఉన్నప్పుడు ఏ డిస్కు నంబరెంతో ఆ వెనకాల బోర్డు చెప్పేది. ఇప్పుడు చెప్పే దిక్కు లేక నాలుగూ 'సున్నా నేనే' అంటున్నాయి. ఒక వీధిలో నాలుగిళ్లకూ ఒకే డోరు నంబరుంటే పోస్టుమాన్ ఏం చేస్తాడో కార్డు అదే చేసింది. అన్నీ ఆపి, కారుతున్న కళ్లతో, ఒక్కో అడాప్టరుకు బియ్యపు గింజంత క్లిప్పులు గుచ్చి నంబర్లు ఇచ్చేసరికి బెన్నీకి ముప్పావు గంట పట్టింది.

రెండోసారి స్విచ్చి వేశాక మూడు డిస్కులు లేచాయి. రెండో నంబరుది మాత్రం టిక్కు టిక్కుమని కాసేపు ఆలోచించి, అప్పుడు లేచింది. బెన్నీ మొహం పాలిపోయింది.

"అన్నా, దీని పని అయిపోవచ్చింది. ఇంకొకసారి ఆపితే మళ్లీ లేస్తదని చెప్పలేను. పాటలన్నీ ఎక్కేదాకా కరెంటు పోకూడదు. రెండు గంటలు."

"కరెంటు పోదులేరా, ఆదివారం కోత లేదు" అన్నాడు అయూబ్. కరెంటు దానంతట అదే పోవడం గురించి మాత్రమే ఆలోచించాడు పాపం.

పక్కింటి కొండమ్మ అప్పుడే డాబా మీద ఎండుమిరపకాయలు తిరగేస్తోంది. ఊళ్లో కారం మిల్లు మోటారు కాలిపోయి పది రోజులైంది. ఇంటింటా ఏడాదికి సరిపడా కాయలు ఎండి, తొడిమలు తీసి, సిద్ధంగా ఉన్నాయి. ఆడించేవాడే లేడు. అలాంటి సమయంలో పక్కింటి నుంచి హోరు వినబడింది. వెంటనే ఘాటు కొట్టింది. కొండమ్మ రెండుసార్లు దగ్గి, మూడో దగ్గుకు విషయం గ్రహించింది. డబ్బాడు కాయలు చంకన పెట్టుకుని దిగుతూ, దారిలో కనబడిన నలుగురికీ చెప్పింది.

"అయూబ్ మిల్లు పెట్టాడే! కిమ్మనకుండా ఎట్టా పెట్టాడో చూడు!"

పావుగంటలో అయూబ్ గుమ్మం ముందు బేసిన్లు, డబ్బాలు, గోనె సంచులు వరస కట్టాయి. పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చిన ఒకామె తన చోటులో ఒక ఇటుకను కూర్చోబెట్టి వెళ్లింది. ఎవరికి వాళ్లు దగ్గుతున్నారు, కళ్లు తుడుచుకుంటున్నారు, సంతోషంగా ఉన్నారు.

గోల విని అయూబ్ బయటికి వచ్చాడు. కనుబొమ్మల మీద, మీసాల మీద, చొక్కా మీద ఎర్రటి పొడి. ముప్పై మంది దగ్గుతుంటే ఆయనొక్కడే తాపీగా గాలి పీలుస్తున్నాడు.

"చూశారా? తుమ్మైనా తుమ్మట్లేదు. అలవాటు పడ్డ మనిషి" అంది కొండమ్మ. దాంతో ఉన్న కాస్త అనుమానం కూడా అందరికీ తీరిపోయింది.

"పిన్నీ, ఇది మిల్లు కాదు. సర్వరు!"

"పేరేదైతే ఏంలే నాయనా. మెత్తగా పడుద్దా?"

అయూబ్ వెనకనుంచి బెన్నీ తల బయటపెట్టాడు. వాడికి తన యంత్రాల గురించి ఎవరడిగినా చెప్పకుండా ఉండే అలవాటు లేదు. "ఆంటీ, లోపల తిరిగేవి మామూలు డిస్కులు కాదు. నిమిషానికి పదిహేను వేల చుట్లు!"

వరసంతా మెడలు చాచి లోపలికి తొంగిచూసింది.

"పదిహేను వేలే!" అంది కొండమ్మ. "ఆ పాత మిల్లుది వెయ్యి తిరిగితే గొప్ప. ఇహ చూసుకో, కారం మొహానికి రాసుకునే పౌడరులాగా పడుద్ది." వెనక ఉన్నవాళ్లు తమ బేసిన్లు ఇంకాస్త ముందుకు జరిపారు. బెన్నీని అయూబ్ చొక్కా పట్టుకుని లోపలికి లాగేశాడు. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆ ఆలస్యం చర్చిలో కూడా తెలిసింది. పదకొండున్నర దాటుతున్నా మైకు రాలేదు, బెన్నీ రాలేదు. వాణ్ణి వెతుక్కుంటూ సంఘపెద్ద జక్రయ్య ఇస్త్రీ పంచెతో సైకిలెక్కి వచ్చాడు. జక్రయ్య ఆదివారం సంఘపెద్ద, మిగతా ఆరు రోజులూ ఆ ఊరి లైన్‌మన్. గుమ్మం ముందు వరసను, ఘాటును, హోరును చూసేసరికి ఆయనలోని సంఘపెద్ద పక్కకు తప్పుకుని లైన్‌మన్ ముందుకొచ్చాడు.

"ఏరా బెన్నీ! అక్కడ అయ్యగారు వాక్యం చెప్పడానికి నిలబడి ఉంటే, ఇక్కడ మిల్లాడిస్తున్నావా?"

"బాబాయ్, మిల్లు కాదు..."

జక్రయ్య గుమ్మం పక్కనే అరుగు మీదున్న మీటరు దగ్గరికి వెళ్లాడు. లోపలి చక్రం గిర్రున తిరుగుతోంది. మామూలుగా ఆ ఇంట్లో అది ఎంత నెమ్మదిగా తిరుగుతుందో ఆయనకు తెలుసు. "ఇంటి మీటరు మీద మిల్లు ఆడిస్తే కేసవుద్ది అయూబూ. ముందు ఫ్యూజు పీకేస్తా, మిగతావి తర్వాత మాట్లాడదాం."

"వద్దు!" అని అయూబ్, బెన్నీ ఇద్దరూ ఒకేసారి అరిచారు. అయూబ్ వెళ్లి ఫ్యూజు బాక్సుకు వీపు ఆనించి నిలబడ్డాడు. "పెద్దయ్యా, నీ కాళ్లు పట్టుకుంటా. అందులో మా మామగారి పాటలున్నాయి. ఇప్పుడు కరెంటు పోతే అవి పోతాయి. ఇరవై రెండు ఎక్కాయి, ఇరవైమూడోది ఎక్కుతోంది."

ఆ మాటకు గడపలో ఉన్న ఖుర్షిదా కదిలింది. "పోతే పోనివ్వండి. కేసెట్లు ఉన్నాయిగా పెట్టెలో?"

పెట్టె గుయ్యిమని మోగుతూనే ఉంది. ఖుర్షిదా చెవి అటు పెట్టి విన్నది. ఆ పెట్టెను చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషి. నిండుగా ఉన్న పెట్టె అలా మోగదని ఆమెకు తెలుసు. ఆమె అయూబ్ మొహం వైపు చూసింది. ఆ చూపు కన్నా ఆమె నాలుగు తిట్టి ఉంటే బాగుండేదని అయూబ్‌కు అనిపించింది.

సరిగ్గా ఆ సమయానికి మాలిక్ సాహెబు బస్సు దిగి వచ్చాడు. అల్లుడు తన పాట వినిపిస్తానన్నాడని తెల్లటి చొక్కా వేసుకుని, ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో కూతురికని జంతికల సంచి పట్టుకుని సందు మలుపు తిరిగాడు. కూతురి ఇంటి ముందు వీధి వీధంతా నిలబడి ఉంది. అందరి కళ్లలో నీళ్లు. కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నారు. ఒక పెద్ద మనిషి ఇస్త్రీ పంచెతో అరుగు మీద నిలబడి ఉన్నాడు. ముసలాయన చేతిలో సంచి జారిపోయింది.

"యా అల్లా... ఎవరికేమైంది? నా బిడ్డ ఏదీ?"

"నీ బిడ్డకేం, దుక్కలా ఉంది" అంది కొండమ్మ కళ్లు తుడుచుకుంటూ. "ఊరికే గాబరా పడక లైనులో నిలబడు పెద్దాయనా. కాయలెన్ని కేజీలు తెచ్చావు?"

ఖుర్షిదా పరిగెత్తుకెళ్లి తండ్రి చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. మంచినీళ్లు తాగి ఆయన చుట్టూ చూశాడు. తన పెట్టెను, దాని మీద హోరెత్తే ఇనప ముక్కలను, ఎర్రగా ఉన్న అల్లుణ్ణి, ఫ్యూజు బాక్సు మీద చెయ్యి వేసి ఉన్న జక్రయ్యను చూశాడు.

"అల్లుడూ, నా పాట దీంట్లో ఉందా?"

"ఉంది మామయ్యా. దీంట్లోనే ఉంది. ఇంకెక్కడా లేదు. కేసెట్లు నేనే పారేశాను." చెప్పేశాక అయూబ్‌కు కాస్త ఊపిరి ఆడింది.

"మిల్లు కాదంటున్నావుగా, మరి ఏం ఆడుద్దో ఆడించి చూపించు" అన్నాడు జక్రయ్య. "చూశాకే పీకుతా."

బెన్నీ పరిగెత్తి చర్చి ఆంప్లిఫయరును కంప్యూటరుకు తగిలించాడు. అప్పటికి ఎక్కిన వాటిలో ఆఖరుది 'మామ 23'. దాన్నే నొక్కాడు. స్పీకరు గరగరమంది. దూరంగా జనం సందడి, ఎవరో ఎవరినో పిలవడం వినిపించాయి. తర్వాత ఒక దగ్గు.

గదిలో అప్పటికే అందరూ దగ్గుతున్నారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. మాలిక్ సాహెబు ఒక్కడే తల ఎత్తాడు.

"ఎవరు దగ్గింది?"

"అందరం దగ్గుతున్నాం పెద్దాయనా" అన్నాడు జక్రయ్య.

"కాదు. ఇప్పుడు దగ్గింది ఎవరు?" ముసలాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. స్పీకరులో నుంచి అదే దగ్గు మళ్లీ వచ్చింది. పొట్టిగా, రెండుసార్లు, దూది నుసి ఇరుక్కున్న గొంతు సవరించుకుంటున్నట్టు వచ్చింది. ఆ వెనకనే సన్నాయి తోడి రాగం అందుకుంది.

డోలు లేదు, తోడు సన్నాయి లేదు. ఒంటరి పాట. తొందరలేని ఆలాపన అది. ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కుతూ, ఎక్కిన మెట్టు మీద కాసేపు కూర్చుని, మళ్లీ లేస్తోంది. గుమ్మంలో బేసిన్లు నేల మీదికి దిగాయి. జక్రయ్య చెయ్యి ఫ్యూజు బాక్సు మీదనుంచి ఎప్పుడు జారిందో ఆయనకే తెలియదు. సర్వరు హోరు ఆగలేదు గానీ, అది కూడా శ్రుతి పట్టినట్టే ఉంది.

"ఇది నేను కాదు" అన్నాడు మాలిక్ సాహెబు.

అయూబ్ ఎవరి పాటనో ఇన్నాళ్లూ మోశానా అనుకున్నాడు. మిగతా వాటి సంగతేమిటి? అసలు కేసెట్లేవి, తను పారేసినవేవి?

"ఇది మా అన్న" అన్నాడు ముసలాయన. "ఒక ఏడు గుడి ఉత్సవానికి నాకు జ్వరం. అన్న ఒక్కడే వెళ్లాడు. జీవితం మొత్తంలో ఆయన ఒక్కడే వాయించింది ఆ ఒక్క రోజు. నేను వినలేదు. ఇంటికొచ్చాక ఎట్టా వాయించావని అడిగితే, 'బాగా రాలేదురా, నువ్వు లేకపోతే నా వల్ల కాదు' అన్నాడు. నేను నమ్మాను. అన్నకి తోడు వాయించడమే వచ్చని ఇన్నేళ్లూ నేనే అందరికీ చెప్పుకుంటూ వచ్చాను."

ఆయన స్పీకరు మీద చెయ్యి పెట్టాడు. "అబద్ధం చెప్పాడు. నా చోటు నాకే ఉంచడానికి అబద్ధం చెప్పాడు. నాకన్నా ఎంత బాగా వాయించాడో చూడు."

ఖుర్షిదా ఏడ్చింది. ఆరోజు కారం వల్ల కాక ఏడ్చినవాళ్లలో ఆమె మొదటిది. రెండోవాడు అయూబ్. ఇరవై ఏళ్ల మిర్చి యార్డు ఒక్క చుక్క రాబట్టలేని కళ్లు అవి. గుమ్మంలోంచి కొండమ్మ అది చూసి, పక్కామెతో గుసగుసగా, "ఇప్పటికి ఎక్కిందమ్మా అతనికి ఘాటు" అంది.

మిగతా పదిహేను పాటలూ ఎక్కేదాకా జక్రయ్య మీటరు దగ్గరే కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు, ఇంకెవరూ వచ్చి ఫ్యూజు మీద చెయ్యి వెయ్యకుండా. అయ్యగారు ఆ వారం మైకు లేకుండానే వాక్యం చెప్పారు. ఒంటిగంటకు బెన్నీ స్విచ్చి ఆపాడు. రెండో నంబరు డిస్కు ఆ తర్వాత మళ్లీ లేవలేదు. ముప్పై ఎనిమిది పాటలు ఎక్కిన కొత్త డిస్కును ఖుర్షిదా పాత చీర ముక్కలో చుట్టి, అదే ట్రంకు పెట్టెలో పెట్టి, తాళంచెవి తన కొంగుకు కట్టుకుంది. "లాకరు మాటలు నాకు చెప్పకండి" అని భర్తతో ఒకే ఒక్కసారి అంది. మామగారు వారం రోజులుందామని వచ్చి నెల రోజులున్నాడు. రోజూ సాయంత్రం 'మామ 23' వినేవాడు. దగ్గు దగ్గర ఒకసారి ఆపించి, మళ్లీ మొదటినుంచి పెట్టించుకునేవాడు. అయూబ్ ఆ పేరు మార్చి 'పెదమామ' అని పెట్టాడు.

కొండమ్మ ఆ ఏడాది కాయలు గుంటూరు మోసుకెళ్లి ఆడించుకుంది. మెత్తగానే పడింది గానీ, పదిహేను వేల చుట్ల మెత్తదనం రాలేదని ఇప్పటికీ అంటూనే ఉంటుంది.